పొద్దుతిరుగుడు చేలో అత్త సీడీ

మా చిన్నప్పుడు... ఆదివారం ఆరాధన ముగిశాక మా మేనత్త మార్తమ్మ నేరుగా మా ఇంటికే వచ్చేది. చెప్పులు విడిచీ విడవకముందే "ఏమ్మే సునీ, నా సీడీ పెట్టు" అనేది, బొంగురు గొంతుతో...

ఆ గొంతు మొదటినుంచీ అలా లేదు. బద్వేలు దగ్గర మా ఊళ్ళో, చర్చిలో అత్త పాట ఎత్తుకుంటే చంటిపిల్లలు కూడా ఏడుపు ఆపేవాళ్ళు. ఒక క్రిస్మస్‌కు ముందు సంఘం వాళ్ళు టౌన్ నుంచి ఒకాయన్ని పిలిపించి, ఆమెతో ఎనిమిది పాటలు పాడించి సీడీ చేయించారు. మరుసటి ఏడాది అత్తకు మెడ దగ్గర గడ్డకు ఆపరేషన్ అయింది. ప్రాణానికేం కాలేదు కానీ పాట పోయింది. సీడీకి కాపీలు తీయిద్దాం, తీయిద్దాం అని అందరూ అనుకుంటూనే ఉన్నారు... ఉన్నది ఆ ఒక్కటే.

ప్లేయర్ మా ఇంట్లో ఉండేది కాబట్టి ఆ సీడీకి కాపలాదారును నేనే. పాత పంచె గుడ్డతో తుడిచి, అంచులు మాత్రమే పట్టుకుని, ట్రంకు పెట్టెలో దాచేదాన్ని.

నాకు పదకొండేళ్ళప్పుడు ఇంటికి కంప్యూటర్ వచ్చింది. ఇక నన్ను పట్టేవాళ్ళు లేరు... సీడీలకైతే గీతలు పడతాయి, కంప్యూటర్‌లో వేస్తే పాట కలకాలం ఉంటుందని బళ్ళో ఎవరో చెప్పారు. అంతే, ఎనిమిది పాటలనూ లాగి ఒక ఫోల్డర్‌లో వేసి 'అత్త' అని పేరు పెట్టాను. రెప్పపాటులో ఎక్కేశాయి. ఒకటి నొక్కి చూస్తే చక్కగా మోగింది. సీడీ ఇంకా లోపలే ఉందన్న సంగతి నాకు తట్టనే లేదు.

అదే వారం మా పొద్దుతిరుగుడు చేనిమీద చిలకలు పడ్డాయి. సీడీలు ఎండకు తళుక్కుమంటే పిట్టలు బెదురుతాయని మా వైపు అందరూ చేలల్లో కట్టేవాళ్ళు.

"పనికిరాని సీడీలుంటే ఇయ్యమ్మా, చిలకలు శానా తినేస్తాండాయి" అన్నాడు నాయన.

గీతలు పడ్డ సినిమా సీడీలతో పాటు అత్త సీడీ కూడా ఇచ్చేశాను! పాటలు కంప్యూటర్‌లో ఉండగా ఇక ఈ బిళ్ళతో పనేముంది అనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

ఆ వారమే అత్త చెకప్ కోసం కడపకు పోయి, మూడు వారాల తర్వాత వచ్చింది. "ఇంక సీడీ ఎందుకత్తా, అంతా కంప్యూటరే" అని గొప్పగా కుర్చీ వేసి కూర్చోబెట్టాను. పాట నొక్కితే డిస్క్ పెట్టమంది కంప్యూటర్. ఇంకోటి నొక్కితే అదే మాట. ఎనిమిదీ నొక్కాను... నేను దాచినవి పాటలు కావట. ఏ పాట సీడీలో ఎక్కడుందో చెప్పే చీటీలట. ఆ సంగతి తర్వాతెప్పుడో తెలిసింది.

"సీడీ యాడ పెట్టినావే?" అంది అత్త.

చేనికి పరుగెత్తాను. అత్త నా వెనకే వచ్చింది. కట్టెలకు వేలాడుతూ సీడీలు గాలికి గిరగిరా తిరుగుతున్నాయి. మిగతా అన్నిటి మీదా సినిమా పేర్లున్నాయి, ఏ పేరూ లేనిది ఒక్కటే... ఎండకు వెలిసి, ఇసుక గాలికి గీసుకుపోయి కనిపించింది. అక్కడే కూలబడి ఏడ్చేశాను.

అత్త దాన్ని కొంగుతో తుడుస్తూ "ఏడ్సాకమ్మే, పెట్టి చూద్దాం పా" అంది.

ప్లేయర్‌లో పెట్టాం. గరగర తప్ప ఏమీ లేదు. ఏడు పాటలు అసలు పలకలేదు. ఒకదాని మొదలు మాత్రం పలికింది... అదీ పాట కాదు. పాటకు ముందు, మైకు పనిచేస్తోందని తెలియక అత్త అన్న మాట. ప్రతి వారం వింటూ కూడా మేము ఎన్నడూ పట్టించుకోని మాట.

"ఏమ్మే సునీ, ఆ కిటికీ కాడ గలాటా చేయాకు. ఈడికొచ్చి నా పక్కన కూచో."

ఎంత తేట గొంతో... ఆమె పాట ఎత్తుకునేలోపే ఆగిపోయింది.

నేను తల ఎత్తలేకపోయాను. అత్త నవ్వింది. "దేవుని పాటలన్నీ పోయి, నిన్ను తిట్టిందొక్కటే మిగిలింది సూడు" అని నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. నన్ను ఒక్క మాట అనలేదు. రెండు తగిలించి ఉన్నా బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆ ఒక్క మాటనూ తర్వాత తెలిసినవాళ్ళ చేత సరిగ్గా ఫైలుగా మార్పించాం. సీడీ బయటికి తీసి, మోగుతోందని రెండుసార్లు చూసుకున్నాకే నమ్మాను. ఇప్పుడది మా ఇంటిల్లిపాది ఫోన్లలోనూ ఉంది. ఫోన్లో వేల పాటలున్నాయి, గీతలు పడతాయన్న భయం లేదు. ఒక్క సీడీ ఉన్నప్పుడు మాత్రం, దాని చుట్టూ అందరం చేరి వినేవాళ్ళం...

అత్తకు ఇప్పుడు అరవై దాటాయి. ఊరికి వెళ్ళినప్పుడు చర్చిలో ఆమె దగ్గరే కూర్చుంటాను. ఆ ఎనిమిదిలో ఏదైనా పాట వస్తే అత్త పెదాలు కదుపుతుంది, గొంతు రాదు. నాకు మాత్రం వినిపిస్తూనే ఉంటుంది.

మీ ఇంట్లోవాళ్ళ గొంతులు మీరెక్కడ దాచుకున్నారు? కింద రాయండి... రాసే ముందు ఒక్కసారి తెరిచి చూడండి, మోగుతున్నాయో లేదో.