పళ్ళ బండి పంతులమ్మ

మాది పళ్ళ బండి. వ్యానులో పంటి వైద్యానికి ఒక కుర్చీ, ఒక దీపం, ఒక నీళ్ళ ట్యాంకు. ఆస్పత్రి లేని పేటలకు నెలకోసారి పోతాం. డాక్టర్లు మారుతుంటారు. బండి తోలే నేనూ, మోకాళ్ళ నొప్పుల నర్సమ్మా మాత్రం మారం. ఆమెను జనం పంతులమ్మ అంటారు, నోరు తెరిస్తే పాఠమే కనుక.

ఏ పేటలో ఎవర్ని కదిపినా ఒకటే మాట: "పీకేయండి." సిమెంటు పెడితే నిలిచే పన్నయినా సరే, పీకేయాల్సిందే. పీకితే ఒక్కపూటతో పీడ వదులుతుంది. బాగు చెయ్యాలంటే బండి మళ్ళీ రావాలి. వస్తుందని నమ్మడానికి వాళ్ళేమైనా నిన్న పుట్టారా? అయినా పంతులమ్మ ఒక్కొక్కరినీ బతిమాలేది. చెవిటివాడి ముందు శంఖం ఊదడమే. వినీ వినీ నాకు విసుగొచ్చేది.

ఒకసారి బట్టల కొట్టులో కౌంటరు దగ్గర పనిచేసే అమ్మాయి వచ్చింది. ముందు పంటికి చీము పట్టింది.

"పీకేయండక్కా. నిద్ర లేదు."

"పీకేస్తే రేపు కౌంటర్లో ఏ మొహం పెట్టుకుని నవ్వుతావే?"

ఆ పిల్ల గతుక్కుమంది. ముందు పన్ను లేనివాళ్ళను యజమాని వెనక గోడౌన్లో మూటలు కట్టడానికి తోసేస్తాడట. జీతమూ తెగ్గోస్తాడట.

"ఇవాళ శుభ్రం చేసి మందు పెడతారు. మిగతాది వచ్చే నెల. నేనొస్తాగా, నా మాట నమ్ము."

నమ్మింది.

వచ్చే నెల మమ్మల్ని ఊరికి అటు చివర నిలబెట్టారు. ఎవరో పెద్దలు బండిని చూడ్డానికి వస్తున్నారట. పంతులమ్మ ఆఫీసులో ఎంత మొత్తుకున్నా దున్నపోతు మీద వాన. ఆ పై నెల ఇంజను మూలపడింది. పంతులమ్మ ఆ పిల్లకు ఫోన్ చేసి పెద్దాసుపత్రికి పొమ్మంది. అక్కడ పొద్దంతా వరసలోనే గడిచిపోతుంది, కొట్టులో సెలవివ్వరు.

చివరికి ఆ పేటకు పోయాం. ఆ అమ్మాయి నోటికి చెయ్యడ్డం పెట్టుకుని వచ్చింది.

"మందు ఊడిపోయిందక్కా, మొహమంతా వాచింది. సందులో ఒకాయన దగ్గర పీకించేసుకున్నా."

"మరి పని?"

"గోడౌన్లోకి మార్చారు. మీ తప్పేముందిలెండి, బండి మీ చేతిలో ఉందా ఏంటి?"

నాలుగు తిట్టినా బాగుండేది. పంతులమ్మ మొహం చూడలేక నేను బయటికి చూశాను.

ఆ అమ్మాయి వెంట ఒకావిడ ఉంది. "మా వదిన. ఈవిడకీ ముందు పన్నే. ఆగుదామంటోంది. మీరే చెప్పండక్కా, ఇవాళే పీకించుకోమని. మీ మాటయితే వింటుంది."

పంతులమ్మ టార్చి వేసి చూసింది. "ఇది బాగవుతుందమ్మా."

"నాదీ బాగయ్యేదే కదక్కా."

అందులో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే అడిగింది.

డాక్టరుగారు ఏం చేద్దామన్నట్టు చూశారు. పంతులమ్మ టార్చి ఆర్పి, పీకడానికి మత్తుసూది అందించింది.