తమ్ముడి ఫోన్‌లో అక్షరాలు పెద్దవి చేశాను

ఈ సాయంత్రం ఝపటాపూర్‌లో తమ్ముడి ఇంటికి వెళ్లాను. రైల్వే వర్క్‌షాప్‌లో ఫిట్టర్‌గా చేసి రిటైరైనవాడు. షుగర్ వల్ల వాడి చూపు తగ్గిపోతోంది. రోజూ ఫోన్‌లో చూసి చదువుకునే స్తోత్రం కూడా ఈ మధ్య మానేశారు వదినా అని మరదలు బాధపడింది.

నేను సెట్టింగ్స్ తెరిచి అక్షరాల సైజు చివరిదాకా జరిపాను. వెలుతురు పూర్తిగా పెంచాను. స్తోత్రం తెరిస్తే స్క్రీన్ మీద మూడు మాటలే పట్టాయి.

"ఇప్పుడు కనబడతందేట్రా?" అని అడిగాను.

"అచ్చరాలేటి అప్పా ఇవి, స్టేషన్ బోర్డులు గానీ! గుడ్డోడిక్కూడా కనబడతాయి. ఇను, సదువుతాను."

ఫోన్ ముఖానికి దగ్గరగా పట్టుకుని మొదలుపెట్టాడు. ఎక్కడా తడబడలేదు. నాకు ప్రాణం లేచివచ్చింది. కళ్లు మూసుకుని, చేతులు జోడించి విన్నాను.

కళ్లు తెరిచేసరికి స్క్రీన్ ఆరిపోయి ఉంది. తొందరగా ఆరిపోకుండా ఉండే సెట్టింగ్ మార్చడం మరిచిపోయాను. వాడు నల్లటి ఫోన్ వైపే చూస్తూ చదువుతున్నాడు. చిన్నప్పుడు అమ్మ మా అందరికీ నోటికి నేర్పిన స్తోత్రమే అది.

మరదలు నావైపు చూసింది.

"బాగా సదివినావురా" అన్నాను చివర్లో.

"నీ సలవే అప్పా. సుబ్బరంగా కనబడింది" అన్నాడు.

చేయగలిగింది చేశామని కళ్ల డాక్టర్ ఇదివరకే చెప్పేశారు. ఫోన్‌లో అక్షరాలు ఇంతకన్నా పెద్దవి కావు. ఇంకేదైనా సెట్టింగ్ ఉందని మీలో ఎవరికైనా తెలిస్తే, దయచేసి చెప్పండి.