గౌరి దిగనన్న మెట్లు

నేను గీసిన మొదటి ఇల్లు కూలిపోలేదు. కూలిపోయి ఉంటే ఇంత పరువు పోయేది కాదు. విశ్వవిద్యాలయంలో ఏళ్ల తరబడి కట్టడాల గురించి పాఠాలు చెప్పి రిటైరైన ఈ పెద్దమనిషి, ఆ ఇంటి గృహప్రవేశం రోజున ఒక ఆవు ముందు చేతులు జోడించి "దిగు తల్లీ" అని బతిమాలుకున్నాడని నా విద్యార్థులకు తెలియదు. తెలిస్తే తెలిసింది. ఇప్పుడు నన్నెవరూ ఉద్యోగంలోంచి తీసెయ్యలేరు కదా!

పంతొమ్మిది వందల అరవైల చివరి రోజులు. మద్రాసులో చదువు ముగించుకుని వచ్చాను. కొత్త కట్టడాల పిచ్చి నెత్తికెక్కి ఉంది. గోడ కనిపిస్తే చాలు, పడగొట్టాలనిపించేది. సరిగ్గా అప్పుడే వజ్రపుకొత్తూరు దగ్గర జీడితోటల మధ్య మా అక్క, నారాయణ బావ ఇల్లు కట్టుకుంటామన్నారు. పాపం, వాళ్లడిగింది నాలుగు గదులు, ఒక వీధి అరుగు. నేనిచ్చింది మనిషెత్తు సిమెంటు స్తంభాల మీద ఒకే ఒక హాలు. వంటా పడకా పూజా అన్నీ అందులోనే. పైకి వెళ్లడానికి ఒకటే మెట్లదారి. అది కూడా మెట్టుకీ మెట్టుకీ మధ్య ఖాళీ వదిలి కట్టించాను.

"ఇదేటి సూరీ, మెట్ల సందులోంచి కిందున్న కోడి కనబడతంది?" అన్నాడు బావ.

"అదే బావా అందం! ఇల్లు గాల్లో తేలుతున్నట్టుండాలి."

"తేలడానికి ఇదేటి, తెప్పా?"

నేను జాలిగా నవ్వాను. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ నన్ను నేనే ఒకటి పీకాలనిపిస్తుంది.

ఆ రోజుల్లోనే లెక్చరర్ ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్లాను. శాఖాధిపతి అయిన ప్రొఫెసరుగారు "ఏం కట్టావయ్యా?" అని అడిగితే ఛాతీ విరుచుకుని చెప్పాను. "ఎవరైనా హాయిగా లోపలికి రాగలిగే, హాయిగా బయటికి పోగలిగే ఇల్లు కడుతున్నాను సార్."

"అలాగా! టెక్కలిలో మావాళ్లింటికి వస్తున్నాను. గృహప్రవేశం నాడే వచ్చి చూస్తాను. చూశాక మాట్లాడదాం" అన్నారాయన.

అంటే ఆ ఇల్లు ఆయనకి నచ్చితే నేను లెక్చరర్ని. నచ్చకపోతే బావ జీడితోటకి కాపలావాణ్ణి. గృహప్రవేశానికి ముందు వారం రోజులూ నాకు అన్నం సహించలేదు, కునుకు పట్టలేదు.

ఆ రోజు రానే వచ్చింది. పురోహితుడు శాస్త్రిగారు "గోవు ముందు, గృహస్థు వెనక" అన్నారు. గాలి ఎటు వీస్తుందో, వెలుతురు ఎటు పడుతుందో అన్నీ ఆలోచించిన నాకు ఆవు సంగతి తట్టనే లేదు! పక్కింటి సూరమ్మ తన ఆవు గౌరిని దూడతో సహా తోలుకొచ్చింది. గౌరి మొదటి మెట్టు వాసన చూసి మొరాయించింది. బావ దూడని భుజానేసుకుని పైకి పరుగెత్తాడు. దూడ వెనకే తల్లి ఎక్కేసింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేను కాలరు సర్దుకున్నాను.

పూజ అయ్యాక శాస్త్రిగారు "ఇక ఆవుని బయటికి తోలండి, పాలు పొంగించాలి" అన్నారు.

గౌరి మెట్ల దాకా వచ్చింది. తల వంచింది. సందుల్లోంచి నేల కనబడింది, నేల మీద కోడి కనబడింది. అంతే, గిరుక్కున తిరిగి పొయ్యి దగ్గరికి పోయి నిలబడి, మామిడాకుల తోరణం నమలడం మొదలుపెట్టింది.

"పెరటి గుమ్మం ఎటు నాయనా?" అన్నారు శాస్త్రిగారు.

"లేదండి. ఒకటే దారి. డిజైనే అది."

"ఆ సంగతి ఆవుకి చెప్పావా?"

కింద నుంచి సూరమ్మ మొదలెట్టింది. "ఓలమ్మో, నా గౌరిని ఎక్కించీసినారు గానీ ఎలాగ దించుతారు బాబూ?"

దూడని కిందికి దింపితే తల్లి తనే దిగుతుందని నేనొక గొప్ప సలహా ఇచ్చాను. దూడ కింద అంబా అంది. గౌరి పైన అంబా అంది. అని ఊరుకుందా? గుమ్మం ముందున్న వసారా అంచుకి వచ్చి కిందికి తొంగి చూసింది. అక్కడ నేను అందం కోసం పెట్టిన సన్నటి ఇనుప కడ్డీ తప్ప మరే అడ్డూ లేదు.

అక్క ఏడుపందుకుంది. "ఒరే సూరీ, శుభమా అని ఇల్లు కట్టుకుంతే గోవు ఉసురు పోసుకుంతావేట్రా? దానికేటైనా అయితే నాను ఈ ఇంట్లో కాలెట్టను!"

దూడని మళ్లీ పైకి మోశారు. నేను చేతులు జోడించి గౌరిని బతిమాలుకున్నది అప్పుడే. అది నా ఉత్తరీయం కొస కూడా నమిలింది.

"మీ పెపెసరుగారు ఎప్పుడొస్తారు?" అన్నాడు బావ.

"దారిలో ఉంటారు."

"అయితే ఏటి సేద్దుం?"

భయంలో ఒక్కోసారి బుర్ర పనిచేస్తుంది. "తలుపులు విప్పించు బావా!" అని అరిచాను.

"కొత్త తలుపులా? పసుపు కుంకాలెట్టినాం కదేటి!"

"ఆవు దిగాలా, వద్దా?"

రెండు టేకు రెక్కల్నీ ఊడదీసి మెట్ల మీద ఏటవాలుగా పరిచాం. జారకుండా అడ్డంగా కొబ్బరితాళ్లు చుట్టి, పైన గడ్డి చల్లాం. బావ దూడని ముందు నడిపించాడు. గౌరి ఒక కాలు పెట్టింది. ఆలోచించింది. రెండో కాలు పెట్టింది.

అప్పుడే వీధిలో కారు ఆగింది.

ప్రొఫెసరుగారు ఇస్త్రీ బట్టల్లో, చేతిలో గొడుగుతో మెట్ల కిందికి వచ్చారు. గౌరి సరిగ్గా తలుపు మధ్యలో ఆగి, తోకెత్తి, నా టేకు తలుపుని తీరిగ్గా అలికింది. ఆ తర్వాత పెళ్లికూతురిలా దిగి ఆయన పక్కనుంచే వెళ్లిపోయింది. అక్క ఏడుస్తూనే నవ్వేసింది.

పైన గడ్డిమోపు కౌగలించుకుని నేను. ఆయన తలుపు లేని గుమ్మాన్ని చూశారు, మెట్ల మీది తలుపుని చూశారు, దాని మీది పేడని చూశారు.

"ఇంటర్వ్యూలో నువ్వు అబద్ధం చెప్పలేదయ్యా. ఎవరైనా రావచ్చు, ఎవరైనా పోవచ్చు. ఆ మాట నిలబెట్టుకోవడానికి తలుపులు కూడా పీకేస్తావనుకోలేదు."

"మరి... ఉద్యోగం సార్?" అన్నాను గడ్డిలోంచి.

"ఇస్తాను. మొదటి పాఠం మాత్రం మెట్ల గురించే చెప్పాలి."

తర్వాత బావ ఆ మెట్ల పక్కనే ఇటుకలతో ఏటవాలు దారి కట్టించాడు. గౌరి పిలవకపోయినా రోజూ దాని మీదుగా పొయ్యి దాకా వచ్చి పలకరించి పోయేది. విద్యార్థులు ఎంత గొప్ప ప్లాను గీసి తెచ్చినా, "బాగుంది నాయనా, ఇందులోంచి ఆవు ఎలా దిగుతుంది?" అని ఎందుకు అడిగేవాణ్ణో వాళ్లకు ఇప్పటికి అర్థమై ఉంటుంది.

కాబట్టి ఇటుక సాక్షిగా, ఇసుక సాక్షిగా, ఆ టేకు తలుపు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఆవు అనుమతి లేకుండా ఈ జన్మలో మరో మెట్టు గీయను.