పాపం అనే అభ్యర్థి

2019, ఆకురాలు కాలం. జర్మనీలోని కైసర్స్‌లౌటర్న్‌లో యూనివర్సిటీ పక్కనే, అడవిని ఆనుకుని ఉన్న ఒక రీసెర్చ్ సంస్థలో నేను టెస్ట్ మోడరేటర్‌గా పనిచేస్తున్నాను. ఇప్పటికీ అదే పని. అక్కడ ఏం చేస్తుంటావని మా చుట్టాలు అడిగితే టీవీ చూపిస్తానని చెబుతాను. వాళ్లు నవ్వుతారు గానీ, అందులో అబద్ధమేమీ లేదు. మనుషుల్ని పిలిచి, కూర్చోబెట్టి, తెర మీద ఏదో ఒకటి చూపించి, చూస్తున్నంతసేపూ వాళ్లకు ఏమనిపించిందో కొలిచే చోటు మాది. పిలవడం, కూర్చోబెట్టడం, బిస్కెట్లు పెట్టడం, మాట్లాడవద్దని బతిమాలడం నా వంతు. కొలిచినదానికి అర్థం చెప్పడం పరిశోధకుల వంతు.

కొలిచే సాధనం పేరు డయల్. అరచేతిలో పట్టే పెట్టె, దాని మీద గుండ్రటి బిళ్ల. పాత రేడియోలో స్టేషన్ తిప్పినట్టు తిప్పాలి. తెర మీద నడుస్తున్నది నచ్చితే కుడికి, నచ్చకపోతే ఎడమకి, ఏమీ అనిపించకపోతే మధ్యలో వదిలేయాలి. ప్రతి సెకనుకూ బిళ్ల ఎక్కడుందో కంప్యూటర్ రాసుకుంటుంది. గదిలో అందరివీ కలిపి ఒక గీత గీస్తుంది. వీడియో కింద ఆ గీత లేస్తూ పడుతూ సాగుతుంటే చూడటం నాకు ఇప్పటికీ సరదాయే.

ఆ ఏడాది అమెరికాలో ఒక పార్టీ తరఫున అధ్యక్ష పదవికి పోటీ చేస్తామని బయల్దేరినవాళ్లు ఒక బస్సుకు సరిపడా ఉన్నారు. అసలు ఎన్నికకు ముందు, పార్టీ అభ్యర్థి ఎవరో తేల్చుకోవడానికి వాళ్లలో వాళ్లే వేదికెక్కి వాదించుకుంటారు. దాన్నే ప్రైమరీ డిబేట్ అంటారు. మా దగ్గర థీసిస్ చేస్తున్న ప్రణీత అలాంటి డిబేట్ రికార్డింగు ఒకటి తీసుకుంది. పది మంది ఒకే వరుసలో నిలబడ్డారు. సర్వేల్లో ముందున్నవాళ్లు మధ్యలో, వెనకబడినవాళ్లు చివర్లలో. ఇంతమందిలో ఒక్కరు కూడా ముందే తెలియనప్పుడు, చూసేవాళ్లు ఎవరి వైపు మొగ్గుతారు, దేన్ని బట్టి మొగ్గుతారు అన్నది ఆమె ప్రశ్న. అందుకే అక్కడ ఓటు లేనివాళ్లనే పిలిచింది. ఒక జర్మన్ గ్రూపు, ఒక తెలుగు గ్రూపు. రెండింటినీ పోల్చి రాయాలి.

ప్రణీతది హనుమకొండ. పొట్టిగా, చురుగ్గా ఉంటుంది. మాట్లాడేటప్పుడు చేతులు కూడా మాట్లాడతాయి. ఎర్లాంగెన్‌లో ఒక పెద్ద ఇంజనీరింగ్ కంపెనీ ఆమెకు ఉద్యోగం ఖాయం చేసింది. కానీ చలికాలం పోయేలోగా డిగ్రీ చేతికి రావాలి, రాకపోతే ఇంకొకర్ని తీసుకుంటామని ముందే చెప్పేసింది. ఆ పిల్ల పొద్దస్తమానం ఎర్లాంగెన్‌లో కొనబోయే సైకిల్ రంగు గురించే మాట్లాడేది.

జర్మన్ గ్రూపుతో నాకే ఇబ్బందీ రాలేదు. వాళ్లు బిస్కెట్లు కూడా చప్పుడు కాకుండా తిన్నారు. మనవాళ్ల రోజు వచ్చింది. మాస్టర్స్ పిల్లలు కొందరు, ఐటీ కుటుంబాలు కొన్ని, వాళ్లతో విజయలక్ష్మి గారు. ఆవిడది అమలాపురం. ఇక్కడ కీటాలో, అంటే పసిపిల్లల్ని పగలంతా చూసుకునే బడిలో, వంట చేస్తారు. ఊళ్లో తెలుగువాళ్ల ఇంట్లో ఏ శుభకార్యమైనా ఆవిడ పులిహోర లేకుండా జరగదు. చూస్తున్నంతసేపు ఎవరూ మాట్లాడకూడదని నేను చెప్పగానే ఆవిడ నా వంక జాలిగా చూశారు.

"మాట్లాడకుండా టీవీ ఎలా చూస్తామండీ?" అన్నారు.

డయల్ ఆవిడ చేతికిచ్చి పక్క గదిలోకి వెళ్లాను. రెండు గదుల మధ్యనున్న గాజు అద్దం వెనక నుంచి నేను వేలు పెదవుల మీద పెట్టి చూపిస్తూనే ఉన్నాను, వాళ్లు తలూపుతూనే ఉన్నారు, మాటలు సాగుతూనే ఉన్నాయి. అందరి అనుమతీ తీసుకునే పెట్టిన మైకులో అదంతా రికార్డయింది.

మర్నాడు గీతలు చూసి ప్రణీత ముఖం పాలిపోయింది. జర్మన్ గ్రూపు గీత ఎవరైనా సూటిగా జవాబిస్తే లేచింది, డొంకతిరుగుడుగా మాట్లాడితే పడింది. తెలుగు గీతకు మాత్రం ఎవరో చివర నిలబడ్డ మనిషి మాట మొదలుపెట్టగానే మధ్యలో ఉన్నవాళ్లు అడ్డుపడితే చాలు, ఎక్కడలేని హుషారు. మా కంప్యూటర్‌ది మొండి లెక్క. ఏ సెకనులో ఎవరు మాట్లాడుతుంటే ఆ సెకను మెప్పు వాళ్ల ఖాతాలో వేస్తుంది. ఆ లెక్కన తెలుగువాళ్లకు ఎదుటివాడి నోరు మూయించేవాళ్లంటే తెగ ఇష్టమని తేలింది.

ప్రణీత గైడు డాక్టర్ బ్రాంట్. మనిషి కఠినం, మనసు న్యాయం. ఆవిడ గీతలన్నీ చూసి, ఒకటి ఈ గ్రూపు నిజంగానే దురుసుతనాన్ని మెచ్చుకుని ఉండాలి, లేదా డయల్ ఎటు తిప్పాలో వాళ్లకు అర్థమై ఉండదు అన్నారు. మొదటిది నమ్మేలా లేదు కాబట్టి రెండోదే నిజమనుకోవాలన్నారు. అందరికీ భిన్నంగా వచ్చి పడే ఫలితాన్ని మా భాషలో ఔట్‌లయర్ అంటారు. సూచనలు అర్థంకాక వచ్చిన ఔట్‌లయర్‌ని తీసి పక్కన పెట్టడం పద్ధతి. గ్రూపు మొత్తం తీసేస్తే పోల్చడానికి థీసిస్‌లో ఇంకేమీ మిగలదు. మళ్లీ మనుషుల్ని వెతికి, మళ్లీ ల్యాబ్‌కి టెర్మిన్, అంటే ఖాళీ ఉన్న తేదీ, తీసుకుని, మళ్లీ మొదట్నుంచి చేయాలంటే వేసవి వచ్చేస్తుంది.

ప్రణీత నా టేబుల్ దగ్గరికి వచ్చి నిలబడింది. ఆ రోజు చేతులు మాట్లాడలేదు.

"అక్కా, మనోళ్లు డయల్ ఉల్టా తిప్పిన్రా ఏంది? గట్లయితే నా ఎర్లాంగెన్ పాయె."

ఎవరూ ఉల్టా తిప్పలేదని నాకు తెలుసు. మొదలుపెట్టే ముందు అందరి చేతా ఒకసారి తిప్పించి చూసుకున్నాను. అయినా ఆ గీత ఎందుకలా లేచిందో నాకూ అంతుపట్టలేదు. కాఫీ తాగుదాం రమ్మని ప్రణీతను తీసుకెళ్లడం తప్ప ఆ పూట నేను చేయగలిగిందేమీ లేకపోయింది.

డాక్టర్ బ్రాంట్ ఏ గ్రూపునైనా తీసేసే ముందు గదిలో రికార్డయిన చప్పుళ్లన్నీ స్వయంగా వింటారు. ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం ఆవిడ అభ్యర్థుల పేర్లున్న కాగితం పట్టుకుని నా దగ్గరికి వచ్చారు.

"ఫ్రౌ కొల్లి, ఈ పాపామ్ ఎవరు?" అని నన్ను ఇంటిపేరుతో పిలిచి అడిగారు. "మీవాళ్లు అస్తమానం ఈయన పేరే తలుస్తున్నారు. పది మంది పేర్లూ చూశాను. ఇందులో లేడు."

నాకు నవ్వాగలేదు. ఆవిడ ఎదుట అంతకు ముందెప్పుడూ అంతలా నవ్వలేదు. నేను నవ్వడం అయ్యేదాకా ఆవిడ ఓపిగ్గా ఆగారు. అది మనిషి పేరు కాదని చెబితే, ఫోన్‌లో నిఘంటువు తెరిచి వెతికారు. ఈసారి ముఖం ఇంకా గంభీరమైపోయింది. అందులో జూండె అని ఉంది, అంటే చచ్చాక లెక్క చెప్పుకోవాల్సిన పాపం. ఎన్నికల్లో నిలబడటం మీ మతంలో తప్పా అని చాలా మర్యాదగా అడిగారు.

ఆ పాపం కాదు, ఇంకో పాపం అని మొదలుపెట్టాను. ఎవరికైనా చిన్నదో పెద్దదో కష్టం వస్తే చూసి అనే మాట అన్నాను. జర్మన్‌లోనూ అలాంటి మాట ఉందని ఆవిడ అన్నారు. కానీ అది కాలు విరిగినవాణ్ణి చూసి అంటాం, అమెరికాకు అధ్యక్షుడు కావాలనుకునేవాణ్ణి చూసి ఎందుకంటాం అన్నారు. మేం అందరినీ అంటామని చెప్పాను. హోటల్లో గ్లాసు జారవిడిచిన సర్వర్ని అంటాం, వానలో తడిసిన కుక్కని అంటాం, సినిమా అంతా తిట్టుకున్న విలన్ చివర్లో చచ్చిపోతే వాణ్ణి కూడా అంటాం. ఒకే మాటలో ఆ రెండర్థాలు ఎలా ఇమిడాయని అడిగారు. నాకు తెలియదు, పుట్టినప్పటి నుంచీ వాడుతున్నాను, ఎప్పుడూ ఇబ్బంది పడలేదు అన్నాను.

ఇద్దరం కలిసి రికార్డింగు మళ్లీ విన్నాం. గదిలో ఎవరో పాపం అంటారు, ఆ వెంటనే గీత లేస్తుంది. ఒకసారి కాదు, వినగా వినగా అదే తీరు. నాకు విషయం తెలిసిపోయింది. డాక్టర్ బ్రాంట్‌కీ తెలిసే ఉంటుంది. కానీ మన ఊహ రుజువు కాదు, తిప్పిన మనిషే చెప్పాలి అన్నారు. అలా విజయలక్ష్మి గారిని డీబ్రీఫ్‌కి పిలిచాం. చూసినదాని గురించి తర్వాత కూర్చోబెట్టి అడగడాన్ని అలా అంటారు.

ఆవిడ డబ్బా నిండా జంతికలు పట్టుకుని వచ్చారు. ప్రణీత గోడ పక్కన కుర్చీలో ముడుచుకుని కూర్చుంది. ఏమీ అందించకూడదని నేను ఆమెకు ముందే చెప్పాను. గీత బాగా లేచిన చోట వీడియో ఆపి, ఇక్కడ మీకేమనిపించిందని అడిగాను.

"ఆ చివరాయన్ని చూడండి. ఇందాకటి నుంచీ చెయ్యెత్తుకుని నుంచున్నాడు. ఒక్కళ్లూ అటు చూడరు. తీరా నోరు తెరిచాడో లేదో, ఈ మధ్యలో ఆయన వచ్చి పడ్డాడు. పాపం కాదేంటండీ?"

అయితే డయల్ ఎవరి కోసం తిప్పారని అడిగాను.

"ఆయన కోసమేనండి. అందరూ కలిసి ఆయన నోరు మూయించేశారు కదా, నేనైనా తిప్పకపోతే ఎలాగ?"

ఆ మాట జర్మన్‌లో చెప్పాను. డాక్టర్ బ్రాంట్ దాన్ని కాగితం మీద రాసుకున్నారు. తర్వాత, మీకు ఓటుంటే ఆయనకే వేస్తారా అని అడగమన్నారు. విజయలక్ష్మి గారు ఇదేం ప్రశ్న అన్నట్టు నన్ను చూశారు.

"ఓటేంటండీ? ఆ కంగారు మనిషి అంత దేశాన్ని ఏం నడుపుతాడు? ఓటు ఆ నెమ్మదిగా మాట్లాడినావిడకేస్తాను. జాలి జాలే, ఓటు ఓటే."

ఆ చివరి మాట డాక్టర్ బ్రాంట్ నా చేత రెండోసారి చెప్పించుకున్నారు. తర్వాత ప్రణీత వైపు తిరిగి, గ్రూపు ఉంటుంది, కానీ ఇక మీ థీసిస్ మారుతుంది అన్నారు. చూసేవాళ్ల మనసు ఎటు పోతుందో డయల్ చెబుతుంది, వాళ్ల ఓటు ఎటు పోతుందో చెప్పదు. మన కంప్యూటర్ రెండూ ఒకటే అనుకుంది. ఆ తేడా చూపించండి, మిగిలినవాళ్లందర్నీ కూడా ఇలాగే అడగండి, ఏ ఒక్కరికీ జవాబు అందించకండి అన్నారు. ప్రణీత సరేనని తలూపి బయటికి వెళ్లి, వరండాలో కూర్చుని ఏడ్చింది. జంతికలు తింటూ ఏడ్చింది కాబట్టి నేను కంగారు పడలేదు.

ఆ తర్వాత ఆమె చేసిన పని చూస్తే ముచ్చటేసేది. రికార్డింగులోని ప్రతి పాపాన్నీ విడదీసి విన్నది. కొన్ని చోట్ల పాపం అన్నా గీత కిందికే పడిందని కనిపెట్టింది. అవి వెటకారపు పాపాలు. ఒక అభ్యర్థి తనకేమీ తెలియదన్నట్టు మాట దాటేసినప్పుడు మన కుర్రాళ్లు సాగదీసి అన్నవి. నిజమైన పాపానికీ వెటకారానికీ తేడా ఎలా పట్టాలని డాక్టర్ బ్రాంట్ అడిగితే, ప్రణీతా నేనూ రెండు రకాలుగానూ అని వినిపించాం. ఆవిడ మా వెంటే పలికారు. అన్నీ వెటకారంగానే వచ్చాయి.

మంచు పడుతున్న రోజుల్లో డిఫెన్స్ జరిగింది. థీసిస్ రాసినవాళ్లు పరీక్షకుల ముందు నిలబడి దాన్ని సమర్థించుకోవాలి. ప్రొజెక్టర్ పని నాదే కాబట్టి వెనక కూర్చున్నాను. రెండో పరీక్షకుడు వేరే విభాగం ప్రొఫెసరు. బాగా చదువుకున్న పెద్దాయన, తన గొంతు తనకు ఇష్టం. ప్రశ్న అడుగుతాడు, ప్రణీత రెండు మాటలనేలోగా ఇంకో ప్రశ్న వేస్తాడు, దానికి జవాబు కూడా తనే చెబుతాడు. ఓటు లేనివాళ్ల జాలిని కొలిచి ఏం లాభమన్నాడు. ప్రణీత చెప్పబోయింది, ఆయన చెప్పనివ్వలేదు. మళ్లీ చెప్పబోయింది. చెయ్యి సగం లేచి గాలిలో ఆగిపోయింది. గోడ గడియారం వైపు చూస్తున్న ఆ పిల్ల కళ్లలో ఎర్లాంగెన్ దూరమైపోవడం నాకు కనబడుతోంది. వెనక కూర్చుని నేనేం చేయగలను?

అప్పుడు డాక్టర్ బ్రాంట్ అన్నారు, పెద్దగా కాదు, తనలో తను అనుకున్నట్టు.

"పాపం."

సాగదీయలేదు. ఎక్కడా వంకర పోలేదు. మా అమ్మ అన్నట్టే ఉంది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆవిడ ప్రొఫెసరు వైపు తిరిగి, మీరు ఇప్పుడు చేస్తున్నది ఈ థీసిస్‌లో మూడో అధ్యాయం, దాని గురించి ఈ అమ్మాయిని చివరిదాకా చెప్పనివ్వండి అన్నారు. ప్రణీత ఒక్క క్షణం నవ్వాపుకుంది. ఆ తర్వాత చేతులు మాట్లాడటం మొదలుపెట్టాయి. చెప్పవలసిందంతా చెప్పింది. ప్రొఫెసరు మళ్లీ నోరెత్తలేదు. ప్రణీత పాసయింది.

బయట వరండాలో విజయలక్ష్మి గారు పులిహోర గిన్నె తెరిచి పెట్టారు. జరిగిందంతా నేను ఆవిడకు పూసగుచ్చినట్టు చెప్పాను. ప్రొఫెసరును ఎలా ఆపారో చెప్పేటప్పుడు కొంచెం కసిగానే చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విన్నారు. వరండా చివర కిటికీ దగ్గర ఆయన ఒక్కడే, చేతిలో ఏమీ లేకుండా, బయట మంచు చూస్తూ నిలబడి ఉన్నాడు. ఆవిడ అటు చూశారు.

"అంత పెద్దాయన్ని అందరి ముందూ అలా ఆపేశారా? పాపం."

పక్కనే ఉన్న డాక్టర్ బ్రాంట్‌కి ఆ ఒక్క మాటా తెలిసింది. ఎవరిని అంటున్నారు అని అడిగారు. చెప్పాను. ఆవిడ కిటికీ వైపు ఒకసారి చూసి, ఒక ప్లేటులో పులిహోర పెట్టించుకుని, తనే తీసుకెళ్లి ఆయన చేతికిచ్చారు.

ప్రణీత ఇప్పుడు ఎర్లాంగెన్‌లో పసుపు రంగు సైకిల్ మీద ఆఫీసుకు వెళుతోంది. నేను అదే ల్యాబ్‌లో ఉన్నాను. కొత్త గ్రూపు వస్తే డయల్ ఎలా తిప్పాలో చెబుతాను, బిస్కెట్లు పెడతాను. మాట్లాడవద్దని మాత్రం ఎవరికీ చెప్పను. మైకు ఆన్ చేసి, అద్దం వెనక కూర్చుని వింటాను.