నర్సమ్మ కుర్చీలో మేకు

గురజాలలో మా తాతయ్య వడ్రంగి పాకకు నా చిన్నప్పుడు రాని వస్తువు లేదు. అరకలు, బండి చక్రాలు, తలుపులు, మంచాలు అన్నీ వచ్చేవి. కానీ ఆ రోజు వచ్చిన కుర్చీని చూసి పిల్లలమంతా ఆటలు మానేసి పరుగెత్తాం.

అది మిషన్ ఆసుపత్రి నర్సమ్మది. ఆవిడది డెన్మార్క్. కుర్చీని తనతో ఓడలో తెచ్చుకుందట. టేకు చెక్క. చేతులు ఆనించుకునే కర్రలు నున్నగా వంపు తిరిగి, ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాయో తెలియకుండా ఉన్నాయి. సీటు మన నులక మంచంలాగే అల్లారు, అయితే మెలితిప్పిన కాగితపు తాడుతో. కాగితం మీద మనిషి కూర్చుంటే చిరగదా అని మేం నోళ్ళు వెళ్ళబెట్టాం. కుర్చీ చెయ్యి ఒకటి మాత్రం చీలి వేలాడుతోంది.

తాతయ్య కుర్చీ చుట్టూ తిరుగుతూ పొంగిపోయాడు. ఒక కర్ర కొసను నాలుకలా చెక్కి, ఇంకో కర్రలో తొలిచిన గుంటలోకి దించి బిగించడమే దాని కిటుకని వేలు పెట్టి చూపించాడు. "అడుగున కూడా పైనంత నున్నగా చేశాడు చూడండ్రా, ఎవడు చూస్తాడనో! దీంట్లో ఒక్క మేకు చూపించండి, కోటప్పకొండ తిరనాళ్ళకి తీసకపోతా" అన్నాడు.

తిరనాళ్ళే! జనంలో తప్పిపోతామని మమ్మల్ని ఏనాడూ తీసుకెళ్ళలేదు. రంగులరాట్నం అంటే వినడమే కానీ చూసింది లేదు. మిగతా పిల్లలు కాసేపు తడిమి విసిగి వెళ్ళిపోయారు. నేనంత తేలిగ్గా వదిలే రకం కాదు. ఇంట్లోకి పరుగెత్తి, పాడైన రేడియోలోంచి ఊడదీసిన అయస్కాంతం తెచ్చాను. వాగు ఇసకలో ఇనప రజను పోగుచేసి ఆడుకునేదాన్ని దాంతో. కుర్చీని బోర్లించి కాళ్ళ దగ్గర్నుంచీ జరుపుకుంటూ వచ్చాను. ఎక్కడా ఏమీ లేదు. విరిగిన చేతి అడుగుకు రాగానే టక్కున అతుక్కుంది.

"తాతా, మేకూ!" అని నేను పెట్టిన కేకకు వీధి వీధంతా వచ్చింది.

తాతయ్య అక్కడ ఉలితో గీకాడు. లప్పం రాలి మేకు తల బయటపడింది. చీలిక సరిగ్గా దాని దగ్గరే మొదలైంది. ఆయన మొహం ముడుచుకుని ఉలి పక్కన పెట్టేశాడు. కోపమొచ్చింది, ఇక నా తిరనాళ్ళ పోయిందనుకుని నాకు ఏడుపొచ్చేసింది. అంతలో ఆయన అందరి ముందూ తల కొట్టుకుని పెద్దగా నవ్వాడు.

"ఇది కుర్చీ చేసినాళ్ళు కొట్టింది కాదే, నేను కొట్టిందే! ఆసుపత్రిలో మంచాలు బాగుచేస్తా ఉంటే, ఇదీ వదులైందన్నారు. చీకటి పడతందని ఓ మేకు దిగ్గొట్టి లప్పం పూశా. అప్పుడు దీని మొహం కూడా చూళ్ళా. ఆ మేకే దీన్ని చీల్చింది."

ఎవరూ అడగకుండానే, నర్సమ్మ దగ్గరికి వెళ్ళి ఆమెకూ అదే చెప్పి వచ్చాడు. కొత్త చెయ్యి మేకు లేకుండా చేశాడు, ఎవరికీ కనపడని అడుగును కూడా పైనంత నున్నగా చిత్రిక పట్టాడు. తిరనాళ్ళలో నన్ను భుజాల మీద ఎక్కించుకుని తిప్పాడు. రంగులరాట్నం పైకి లేచినప్పుడు నేను అరిచిన అరుపుకు నా గొంతు పోయింది.

ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. నరసరావుపేటలో ఇంకా జాకెట్లు కుడుతున్నాను. ఫర్నిచర్ షాపులో కుర్చీలన్నీ తిరగేసి చూస్తానని మా కోడలు నాతో రానంటుంది. చూస్తాను మరి! లోపలి కుట్టు ఎవరు చూస్తారులే అని నా చెయ్యి తొందరపడినప్పుడల్లా నా చెవిలో ఆ అయస్కాంతం టక్కుమంటుంది. కుట్టు విప్పేసి మళ్ళీ మొదలుపెడతాను.