గడువుకు ముందే విడిపించిన చింతచెట్లు

నాలుగేళ్ల క్రితం నా కడుపు ఆపరేషన్ కోసం మా రెండు చింతచెట్లనూ సంతవీధి షావుకారుకు ఐదేళ్లకు తాకట్టు పెట్టాం. అప్పు తీరేదాకా కాయ ఆయనదే. కొడుకూ కోడలూ కాఫీ తోటల్లో కూలికి పోయి, చంటిపిల్లల పాలు కూడా తగ్గించి, ఏడాది ముందే డబ్బు కూడబెట్టారు. ఈ ఏటి చింతపండు మేమే అమ్ముకోవచ్చని ఆశ. ఈ రోజు ముగ్గురం వెళ్లి మొత్తం కట్టేశాం.

షావుకారు డబ్బు పెట్టెలో వేసుకుని, "బేగి తీర్చేసినావు, మంచిదేరా. చెట్లు నీవే. ఈ యేటి కాయ మాత్రం నాది. పూత నా గడువులోనే కదా వచ్చింది?" అన్నాడు.

కొడుకు తల దించుకున్నాడు. కోడలు ఊరుకోలేదు. "మా గుంటలిద్దరూ నీ గడువులోనే పుట్టినారు సావుకారూ. ఆళ్లనీ అట్టుకుపోతావేటి?" అంది.

దుకాణంలో ఉన్నవాళ్లంతా నవ్వారు. షావుకారూ నవ్వాడు, కాయ మాత్రం వదల్లేదు. వాళ్లతో పాటు నేనూ నవ్వేశాను. కోడలు నా వైపు ఒక్కసారి చూసింది.

ఇంటికొచ్చాక కూడా నాతో మాట్లాడలేదు. నా ప్రాణం కోసం పెట్టిన చెట్లవి. నా స్థానంలో మీరుంటే షావుకారుతో ఏమనేవారు?