తాడో పేడో

ఎవరైనా బల్ల గుద్ది "తాడో పేడో తేల్చేసుకుందాం" అంటే నాకు ఒళ్ళు మండుతుంది. వాళ్ళు జన్మలో తాడు పేని ఉండరు.

మా అమ్మ పేనేది. ఉప్పలగుప్తం దగ్గర మా ఊళ్ళో, కొబ్బరి పీచుని అరచేతుల మధ్య పురిపెట్టి తీసిన ఒంటి పోగుని పేడు అనేది. రెండు పేళ్ళు కలిపి మెలేస్తే తాడు. పేడుగా ఉన్నంతవరకూ పురి విప్పి మళ్ళీ పీచు చేసుకోవచ్చు, తాడయ్యాక దాన్ని నమ్మి బరువు వేయాల్సిందే అనేది. ఆ మాట పుట్టింది ఇందులోంచేనని ఆవిడ నమ్మకం. నిఘంటువులు ఏమంటాయో నాకు అక్కర్లేదు.

నాన్న కొబ్బరి దింపు తీసేవారు. చెట్టెక్కేటప్పుడు నడుముకీ చెట్టుకీ కలిపి చుట్టుకునే మోకు అమ్మ పేనిందే. పందొమ్మిదివందల డెబ్బైల్లో ఒక వానాకాలం ఆ మోకు తెగింది. నాన్న బతికారు గానీ తుంటి విరిగింది. పీచు నానిపోయిందని ఆయన అనేవారు. పేడు సరిగ్గా తీయలేదని అమ్మ కుమిలిపోయేది.

కర్ర లేకుండా నడవగలిగాక నాన్న కొత్త మోకు అడిగారు. ఆయనకి తెలిసిన పని అదొక్కటే. అమ్మ పొడుగాటి పేళ్ళు రెండు తీసింది. వాటిని మెలేయకుండా వసారా దూలానికి వేలాడదీసింది. రోజులు గడిచాయి.

"ఏదో ఒకటి చెప్పవే. తాడో, పేడో," అన్నారు నాన్న.

"పేళ్ళేనండి. మీరింక చెట్టెక్కొద్దండి. నేను నాలుగు తాళ్ళు ఎక్కువ పేనుకుంటాను."

నాన్న దూలం వైపు చూసి, "ఆయ్," అన్నారు. పెద్దవాళ్ళ దగ్గర సరేనండీ అనడానికి వాడే మాట అది. అమ్మతో అనగా అప్పుడే విన్నాను.

ఆ తర్వాత ఆయన అమ్మ పక్కన కూర్చుని పీచు దులిపేవారు. దారిలో వెళ్తున్నా కొబ్బరిచెట్ల వైపు తలెత్తేవారు కాదు. అది చూస్తే నాకు ఏడుపొచ్చేది.

ఎనభైల్లో నాన్న పోయారు. శవపెట్టె గోతిలోకి దించడానికి తాళ్ళు తెప్పిస్తానని పాస్టరుగారంటే అమ్మ వద్దంది. స్టూలెక్కి ఆ పేళ్ళు దించింది. దుమ్ము దులిపి, నీళ్ళు చిలకరించి, గుమ్మంలో కూర్చుని మెలేసింది. ఎవరినీ చెయ్యి వేయనివ్వలేదు.

ఆ తాడుని రెండు ముక్కలు చేసి పెట్టె కింద వేశారు. నాన్న గోతిలోకి దిగుతున్నంతసేపూ అమ్మ తాడునే చూస్తూ నిలబడింది. పెట్టె నేలకి ఆనేదాకా అది తెగలేదు.